భూలక్ష్మి ఇస్తానన్నది

బిక్షమయ్య కూతురు పీనుగుల మెదళ్లు తెచ్చి దోసకాయ ముక్కల్లా తరుగుతోందటండీ అని పై వాటా ఉదయలక్ష్మి పాలబూత్ దగ్గర అన్నదట. ఆ మాట మీర్‌పేట్ దాటి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు చేరేసరికి, పిల్ల వాటిని టిఫిన్ డబ్బాలో ఇంటికే తెస్తోందన్నంత పెరిగింది. అక్కడ లోడు దించి తెల్లారి ఇల్లు చేరిన బిక్షమయ్య చెప్పులిడవకుండానే కూతురు డబ్బా మూత తీసి చూశాడు. అందులో బెండకాయ కూర.

"రేపటి సంది ఆ నౌకరి బంద్," అన్నాడు.

పొయ్యి దగ్గర సర్వపిండి ఒత్తుతున్న ఆయన భార్య భూలక్ష్మికి నవ్వాగలేదు. జ్యోతిక మాత్రం నవ్వలేదు. మనసు జబ్బుతో ఏళ్లకేళ్లు బాధపడ్డవాళ్లు పోయాక, తాను పనిచేసే ల్యాబుకు ఇంటివాళ్లు ఇష్టపడి ఇచ్చిన మెదళ్లవి అని తండ్రికి నిదానంగా చెప్పింది. పల్చటి పొరలుగా కోసి, ఆ జబ్బు లేనివాళ్ల వాటి పక్కన పెట్టి, కణాల్లో ఏం మారిందో చూస్తారట.

భూలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. ఆ జబ్బు తనదే. కాపురానికొచ్చిన కొత్తలో నెలలకొద్దీ మంచం దిగకపోతే ఒళ్లు వంగనిదన్నారు. మరో నెల నిద్రే లేకుండా ఇల్లంతా అలికి, వాడకట్టుకంతా గారెలు పంచితే గాలి సోకిందన్నారు. బిక్షమయ్య పాపం తాయెత్తులు కట్టించాడు, కోళ్లు కోయించాడు. దిల్‌సుఖ్‌నగర్ డాక్టరమ్మ గోలీలతో మనిషి నిలబడింది గానీ, అది తనకే ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు.

"నాది గూడ ఇస్త," అన్నది. "నేను వోయినంక నువ్వు ఒప్పుకోవాలె. ఇప్పుడే మాటియ్యి."

బిక్షమయ్య స్టూలు మీద కూలబడ్డాడు. "ఒచ్చే జన్మల మెదడు లేకుంట పుడ్తవ్."

"అట్లయితే మళ్ల నిన్నే చేసుకుంట."

జ్యోతిక పకపకా నవ్వింది. ఆయన నవ్వును మీసాల చాటున దాచుకున్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, మొకం చెడుతుందా బిడ్డా అని అడిగాడు. చెడదని, మనిషిని మళ్లీ మనకే అప్పగిస్తారని కూతురు చెప్పింది. నౌకరి బంద్ మాట ఆయన ఇక ఎత్తలేదు. డ్యూటీకి తానే దింపుతానని లేచి, గడప దగ్గర ఆగిపోయాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటరు గదనే. మూడోనాడు నీకు పెట్టిన బువ్వ కాకి ముట్టకపోతే నేనేం గావాలె?"

"నాకున్న కోరిక గిదొక్కటే. నువ్వు ఇయ్యకపోతేనే ముట్టదు."