బావిలా పలికే ఆంప్

"అవ్వా, ఇది ఆంప్ కాదు, నీ మిక్సీ. గిటారు తగిలించక ముందే గుర్రుమంటా ఉండాది. చేసినాయన చూస్తే సొరకాయ మాదిరి నిలబడుండాడు."

ఫోనులో తెలుగులో ఇంత తిట్టి, ఆ అమ్మాయి నావైపు తిరిగి చక్కటి తమిళంలో, "చాలా బాగుందండీ, ఆలోచించి చెప్తాను" అంది.

కోయంబత్తూరులో ఇంట్లో తెలుగు మాట్లాడే మా అందరికీ ఉన్న అలవాటే ఇది. బయటివాళ్ళ ముందు గుట్టుగా మాట్లాడాలంటే ఇంటి భాషలోకి దూకేస్తాం. ఎదుటివాడి ఇంట్లోనూ అదే భాష ఉండొచ్చని ఎవరికీ తోచదు.

"సొరకాయ కాదండి," అన్నాను తెలుగులోనే. "మాది అన్నూరు. మా తోటలో వంకాయలే."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. ఫోనులోంచి ముసలి గొంతు గట్టిగా వినిపించింది. "ఎవురే ఆ పిల్లోడు? మనోళ్ళా?"

కృత్తికను మొదట చూసింది అలా.

నా పేరు రాఘవేంద్రన్. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి. పీలమేడులో ఒక పంపుల కంపెనీలో మోటార్లు టెస్ట్ చేస్తాను. సెలవు రోజుల్లో నా అద్దె గదిలో గిటారు శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్లు కడుతుంటాను. చిప్పులతో కాదు, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో. వాటిలోంచి వచ్చే శబ్దంలో ఒక వెచ్చదనం ఉంటుంది. గిటార్ల షాపతను చెప్తే కృత్తిక వెతుక్కుంటూ వచ్చింది.

"నవ్వొద్దండి," అంది తల దించుకుని. "నాకు నిజంగానే ఆంప్ కావాల. మా నాయనకు గిటారంటే వట్టి సద్దు. ఆయుధ పూజ నాడు తన వర్క్‌షాపులో అందరి ముందర వాయించమన్నాడు. అవ్వ మెచ్చుకుంటే నేను గిటారు క్లాసు పెట్టుకోవచ్చు. లేకుంటే ఈ గిటారు అమ్మేసి ఆయన ఆఫీసులో కూర్చోవాల."

"మరి మిక్సీతో ఎట్ల వాయిస్తారు?"

"అదే నేనూ అడుగుతుండాను, సొరకాయగారూ!"

ఆ వారం నాకు కంపెనీ పని మీద మనసు నిలవలేదు. తప్పు ఎక్కడో తెలిసేసరికి సిగ్గేసింది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లను పక్కపక్కనే ఒకే దిక్కుకు పెట్టాను. ఒకదాని గొణుగుడు ఇంకోదానికి అంటుకుంటోంది. ఒకదాన్ని అడ్డంగా తిప్పి, దూరం జరిపాను. గుర్రు తగ్గింది.

తరువాత రివర్బ్. ఒక రేకుపెట్టెలో సన్నని స్ప్రింగులు కట్టి, వాటిగుండా శబ్దాన్ని పంపితే అది అటూ ఇటూ కొట్టుకుని కాస్త ఆలస్యంగా తిరిగి వస్తుంది. చిన్న గది కూడా పెద్ద మంటపంలా పలుకుతుంది.

కృత్తిక వచ్చినరోజు నా మోచెయ్యి ఆ పెట్టెకు తగిలింది. ఢమాఢమమని ఉరిమింది. ఆమె కంగారుగా కిటికీలోంచి చూసింది.

"అయ్యో, బట్టలు మేడమీద ఉండాయి!"

"వాన కాదండి. స్ప్రింగు."

"ఉరుముంటే వాన కూడా ఉండాల కదా. సగం పనేనా మీది?"

నేను నాబ్ తిప్పుతూ ఉంటే ఆమె వాయిస్తూ చెప్పేది. ఇంకొంచెం. వద్దు, రొంబ ఎక్కువ. ఇప్పుడు బాత్రూములో పాడినట్టుండాది. ఇప్పుడు ఎవరో పక్కింట్లో ఏడ్చినట్టుండాది.

"మీకు ఎట్ల ఉండాల?" అని అడిగింది చివరికి.

"మా తోట బావి మాదిరి," అన్నాను. "చిన్నప్పుడు దాంట్లోకి వంగి అరిస్తే, అరిచింది కొంచెం చల్లబడి తిరిగొచ్చేది. ఆ చల్లదనం కావాల."

"నేను వినలేదే!"

ఆ ఆదివారం ఊరికి పోయి బావిలోకి వంగి అరిచి, ఫోనులో రికార్డు చేశాను. అరుపు కత్తిరించి, తిరిగొచ్చిన చివరి పలుకు మాత్రం పంపాను.

"ఏమని అరిచినారు?" అని అడిగింది.

"సుమ్మా, ఊరికే హలో అని."

ఆ చివరి పలుకు విని విని ఇద్దరం నాబ్‌ను ఒకచోట నిలబెట్టాం. అక్కడ పెన్సిలుతో గీత గీసింది కృత్తిక. ఆంప్ పూర్తయింది. ఇక ఆమె నా గదికి రావడానికి కారణం లేదు. ఆ గీత చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

ఆయుధ పూజ రోజు వర్క్‌షాపు కడిగి ముగ్గులు పెట్టారు. లేత్‌లు, డ్రిల్లింగ్ మిషన్లు పూలదండలు వేసుకుని వరుసగా నిలబడ్డాయి. కృత్తిక వాళ్ళ నాయన నవనీతకృష్ణన్, "కొత్త మిషనే కదా, దాన్నీ వరుసలో పెట్టు" అన్నాడు. వాల్వులు వేడెక్కాలని నేను ముందే స్విచ్ వేసి, ఆంప్‌ను చివర పెట్టాను.

కమలమ్మాళ్ అవ్వ ఒక్కో మిషనుకూ సందనం, కుంకుమ పెట్టి, పసుపునీళ్ళు చల్లుతూ వచ్చింది. ఆంప్ వెనకవైపు తెరిచి ఉంటుంది. లోపల ఎర్రగా వెలుగుతున్న వాల్వులు చూసి, "అమ్మాడీ, దీని కండ్లు ఈడుండాయి!" అని మురిసిపోయి, అక్కడే నీళ్ళు చల్లింది.

టప్‌మంది.

పరుగున పోయి ప్లగ్ పీకాను. పవర్ వాల్వు గాజు చిట్లింది. లోపలి వెండి పూత చూస్తుండగానే పాలలా తెల్లబడింది. స్పేర్ తీసుకురాలేదు. పండగనాడు ఏ షాపూ తెరిచి ఉండదు.

"పూజలోనే పగిలిందా," అన్నాడు నవనీతకృష్ణన్. "చాలమ్మా. ఇంగ వద్దు."

కృత్తిక గిటారు బెల్టు భుజం మీంచి తీయసాగింది. అవ్వ చెంబు కింద పెట్టేసింది. "నా చేత్తోనే పాడు చేసేస్తినే, కన్నూ..."

"లేదవ్వా, తప్పు నాది," అన్నాను. "అందరూ మిషన్లు ఆపి పూజకు పెట్టినారు. నేను ఆపలేదు. వేడి గాజు మీద నీళ్ళు పడితే ఎవరు చల్లినా పగులుతుంది."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా ఆ సొరకాయ?"

"ఆమా, నేనే అవ్వా."

"పగిలిందేమి? రేడియోలో ఉండే గాజు బుడ్డి మాదిరి ఉండాదే."

పక్కనే ఇల్లు. అవ్వ గదిలో ఆమె భర్త జగన్నాథన్ తాత రేడియో, గుడ్డ కప్పి ఉంది. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదట. వెనక రేకు విప్పాను. గాజు మీద దుమ్ము తుడిస్తే, పగిలినదాని మీద ఉన్న నంబరే. కానీ చెయ్యి రాలేదు.

"అవ్వా, ఇది తీస్తే రేడియో పాడదు."

"ఇప్పుడు మాత్రం పాడుతుండాదా? ఆయనకు పాటంటే పానం. తీయి."

ఆంప్‌ను తుడిచి, బ్లోయరుతో తడి ఆరబెట్టి, తాత వాల్వును గుచ్చాను. స్విచ్ వేసి కాచుకున్నాం. గాజు అడుగున సన్నగా, తరువాత నిండుగా ఎరుపు పూసింది.

కృత్తిక నాబ్‌ను పెన్సిలు గీత దగ్గర నిలిపి, అవ్వ తనకు పాడిన జోలపాట వాయించింది. ఇనుము, ఆయిలు వాసన వేసే ఆ రేకుల కొట్టంలో పాట చల్లబడి, మెల్లగా తిరిగి వచ్చింది.

అవ్వ కళ్ళు మూసుకుంది. "మా పుట్టింటి బావి దగ్గర పాడినట్టుండాదే..."

నవనీతకృష్ణన్ గొంతు సవరించుకున్నాడు. అందరం ఆయన్నే చూశాం.

"కొంచెం సౌండు పెంచమ్మా. వెనకుండేవాళ్ళకు వినిపించలే."

కొత్త వాల్వు దొరకగానే తాత వాల్వు రేడియోకు తిరిగిచ్చి, అది పాడేలా చేసి వచ్చాను. ఆమెను కలవడానికి మళ్ళీ ఏ సాకూ మిగలలేదు. చెప్పాల్సింది నోట్లోనే ఉంది.

అప్పుడు కృత్తిక ఫోను చేసింది. "అవ్వకు మీ బావి చూడాలంట. ఆదివారం వస్తుండాం."

ఆ ఆదివారం అన్నూరులో మా అమ్మ పళనియమ్మాళ్ కాఫీ కలుపుతూ ఉంటే, అవ్వ ఆమెతో మాటల్లో పడింది. కృత్తిక నేరుగా బావి దగ్గరికి నడిచింది. గట్టు మీంచి వంగి, "హలో" అని అరిచింది. బావి "లో... లో..." అంది.

ఆమె నావైపు తిరిగింది. "నాకు పంపినదాంట్లో 'కా... కా...' అని కదా ఉండింది?"

నేను చూపు బావిలోకి దించాను.

"కాకిని పిలిచినారా?"

"కాదు."

"మరి?"

"కృత్తికా అని," అన్నాను. "మీ ముందర చెప్పే ధైర్యం లేక బావికి చెప్పినాను."

"మీరు పంపిన రోజే కనుక్కున్నాను. చెవి లేకుండానా గిటారు వాయిస్తుండాను?" అని నవ్వి, మళ్ళీ గట్టు మీదికి వంగింది. "రాఘవా!"

"ఏమే ఆ సద్దు?" అని ఇంటి దగ్గరినుంచి అవ్వ కేక వేసింది.

"టెస్టింగ్, అవ్వా!"

"పళనియమ్మా," అంది అవ్వ మా అమ్మతో, మాకూ వినబడేలా, "వీళ్ళ టెస్టింగు ఇప్పట్లో ముగిసేది కాదు. మనమే మంచి రోజు చూద్దాం."

కింద బావి ఇంకా నా పేరే చెబుతోంది, మెల్లగా, చల్లగా.