తలుపు వైపు నలిగిన పరుపు

కొన్న పరుపు తిరిగి రావడం ఆ కొట్టుకి కొత్తేమీ కాదు. కానీ ఒకే మనిషి రెండు నెలల్లో మూడు పరుపులు తిప్పి పంపడం మాత్రం అదే మొదటిసారి.

ఆమె మొదట ఫోమ్ పరుపు తీసుకుంది. మరీ మెత్తగా ఉంది, నిద్ర పట్టడం లేదని తెచ్చేసింది. తర్వాత స్ప్రింగులది. అది కదిలితే చాలు ఎత్తేస్తోందంది. మూడోది దూది పరుపు. తల్లితో కలిసి ఆ కొట్టు నడిపే యువకుడు, వీధిలో అందరూ పరుపులబ్బాయి అని పిలిచే అతను, దగ్గరుండి దూది ఏకించి స్వయంగా కుట్టిన పరుపు అది. ఆ మధ్యాహ్నం అది కూడా ట్రాలీ ఆటోలో వచ్చి గుమ్మం ముందు దిగింది. వెనకాలే ఆమె దిగింది. కళ్ళ కింద నల్లటి చారలు, చేతిలో రసీదు.

“ఇది గట్టిగా ఉందండీ,” అంది.

“మొదటిది మెత్తగా ఉందన్నారు కదా మేడమ్.”

“అది మెత్తగా ఉంది. ఇది గట్టిగా ఉంది. మధ్యరకంగా ఏదీ ఉండదా మీ దగ్గర?”

“మధ్యరకందే ఆ స్ప్రింగులది.”

ఆమె చూసిన చూపుకి, మిషన్ మీద తలగడ గలీబులు కుడుతున్న అతని తల్లి కూడా కాలు ఆపి తలెత్తింది.

అతను పరుపుని బల్ల మీద పరిచాడు. పన్నెండేళ్ళుగా అదే పని. చేత్తో తడిమితే చాలు, పడుకున్న మనిషి బరువెంతో, ఏ పక్కకి తిరిగి పడుకుంటారో చెప్పేయగలడు. ఈ పరుపు నడుమ చెయ్యి పెడితే నిన్ననే కుట్టినట్టుంది. ఒక పక్క అంచు మాత్రం మూరెడు మేర అణిగిపోయింది.

“మేడమ్, మీరు దీని మీద పడుకోలేదు. కూర్చున్నారు,” అన్నాడు.

ఆమె ముఖం ఎర్రబడింది. సరుకు బాగోలేదంటే తప్పు కొన్నవాళ్ళ మీదకి నెట్టడం మంచి వ్యాపారమేనంది. రసీదు బల్ల మీద పడేసి, పరుపుని అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆడపిల్లని పట్టుకుని అలా అనేస్తారా ఎవరైనా అని తల్లి సాయంత్రం దాకా అతన్ని సాధించింది.

మర్నాడు వాన పట్టుకుంది. మూడు గంటలకి ఆమె మళ్ళీ వచ్చింది. రసీదు మర్చిపోయానంది. రసీదు ఎదురుగానే ఉంది, తీసుకోలేదు. వాన తగ్గేదాకా కూర్చోమ్మా అని తల్లి స్టూలు జరిపింది. గొడుగు చేతిలోనే ఉన్నా ఆమె కూర్చుంది.

“నేను కూర్చున్నానని మీకెలా తెలుసు?” అని అడిగింది.

అతను అణిగిన చోటు చూపించాడు. అది మంచానికి ఏ వైపు వచ్చేదని అడిగాడు.

“తలుపు వైపు,” అంది.

ఆ తర్వాత తనే చెప్పుకొచ్చింది. పక్క వీధి మందుల షాపులో ఆమె ఫార్మసిస్టు. తండ్రి రిటైరైన డ్రిల్ మాస్టారు. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. పదకొండు నెలల కిందట ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. ఆరు వారాలు కనిపెట్టుకుని ఉండమన్నారు డాక్టర్లు. ఆమె ఆయన పక్కనే మడత మంచం వేసుకుని, రాత్రంతా ఆయన ఊపిరి లెక్కపెట్టింది. ఆరు వారాలూ గడిచాయి, ఆయన లేచి తిరిగారు. ఇప్పుడు రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తున్నారు. ఆమె తన గదికి తిరిగొచ్చింది కానీ నిద్ర మాత్రం తిరిగి రాలేదు. ఒంటిగంటకి, మూడింటికి, నాలుగున్నరకి లేచి వెళ్ళి ఆయన ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూస్తుంది. మిగతా సమయమంతా మంచం అంచున కూర్చుని వింటుంది.

కిందటి వారం షాపులో ఐదు మిల్లీగ్రాముల బిళ్ళలు ఇవ్వాల్సిన చోట యాభైవి ఇచ్చింది. తీసుకున్నాయన కౌంటర్ దగ్గరే చదివి చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఓనరు ఒక్క మాట అనలేదు. రెండు వారాలు ఇంట్లో ఉండి బాగా నిద్రపోయి రమ్మన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదంది. నిద్ర పడితేనే ఇక ఆ కౌంటర్ వెనక నిలబడగలదు.

“నాన్నకి ఇవేవీ తెలీవు. తెలియకూడదు,” అంది.

అతను చెప్పనని మాటిచ్చాడు. తన దగ్గర మందేమీ లేదని, కొట్టుకి వచ్చేవాళ్ళకి చెప్పే నాలుగు ముక్కలే తెలుసని అన్నాడు. గడియారాన్ని గోడకి తిప్పి పెట్టడం, పగలు కునుకు తీయకపోవడం, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకి లేవడం, అప్పటికీ కుదరకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళడం.

“ఈ మాటలు నేను రోజుకి ఇరవైమందికి చెప్తానండీ,” అని ఆమె నవ్వింది.

ఆమె నవ్వగా చూడటం అతనికి అదే మొదటిసారి. చేతిలోని సూది గలీబుకి బదులు బొటనవేల్లో దిగింది. తల్లి చూసింది. చూడనట్టు మిషన్ తొక్కింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ఆమె రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉంటే కునుకు వస్తోందట, రాత్రి నిద్ర చెడుతోందట. పగలు నిద్ర ఆపుకోవడానికి పరుపుల కొట్టుకి వచ్చే మనిషిని నిన్నే చూస్తున్నానంది అతని తల్లి. ఆమె సూదుల్లోకి దారం ఎక్కించి ఇచ్చేది. అతని బిల్లుల్లో అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని వెక్కిరించేది. డాక్టర్ల చీటీలు చదివే మనిషికి తన రాత ఒక లెక్కా అని అతననేవాడు. మూడు దాటితే అతని కళ్ళు వీధి మలుపు వైపే ఉండేవి. నాలుగో రోజు ఆమె పావుగంట ఆలస్యమైతే, అతను ఒకే తలగడకి రెండు గలీబులు తొడిగాడు.

ఐదో రోజు పొద్దున, కొట్టు తెరిచీ తెరవగానే ఒక పెద్దాయన వచ్చాడు. కాన్వాస్ బూట్లు, నిటారుగా నిలబడిన వెన్ను. కిర్రుమనని మంచం ఏదైనా దొరుకుతుందా అని అడిగాడు. ఉన్న మంచానికి ఏమైందని అడిగితే, తటపటాయిస్తూనే చెప్పాడు.

“మా అమ్మాయి రాత్రి మూడుసార్లు నన్ను చూడ్డానికి వస్తుంది బాబూ. అది వచ్చేసరికి నేను నిద్రలో ఉన్నట్టుండాలి. మంచం కిర్రుమంటే మేలుకున్నానని తెలిసిపోతుంది. గురక వింటే దానికి ధైర్యం. అందుకని గురక నేర్చుకున్నాను.”

“నేర్చుకున్నారా మాస్టారూ?”

“మొదట్లో సరిగ్గా వచ్చేది కాదు. ఇప్పుడు అలవాటైంది.”

ఆయన అది గొప్పకి చెప్పలేదు, బాధపడుతూనూ చెప్పలేదు. కూతురు ఈ కొట్టుకి వస్తోందని తెలుసనీ, తన సంగతి దానికి చెప్పొద్దనీ అన్నాడు. పరుపులబ్బాయి ఆయనకీ మాటిచ్చాడు.

అలా రెండు మాటల మధ్య ఇరుక్కుపోయాడు. ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరి కోసం ఇంకొకరు మేలుకుని ఉంటున్నారు. ఆ సంగతి తెలిసింది తనొక్కడికే. ఆమె ఎదురుగా కూర్చుంటే తలెత్తలేకపోయాడు. మూడో రోజుకి ఆమె అడిగేసింది, తన ముఖం వైపు చూడ్డమే మానేశారేమని. దారం చిక్కుపడిందన్నాడు. చేతిలో దారమే లేదు.

ఆమె నవ్వి, మామూలుగా మాటల్లో పడింది. “ఆ చీకట్లో నాకు నాన్న గురకే తోడండీ. చిత్రమేంటంటే ఆపరేషన్ ముందు ఆయనకి గురకే లేదు. ఇప్పుడైతే నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మొదలవుతుంది.”

అతను నవ్వి ఊరుకుంటే సరిపోయేది, నవ్వు రాలేదు. కౌంటర్ అవతల నిలబడ్డవాళ్ళ ముఖాలు చదవడం ఆమెకి అలవాటే. నెమ్మదిగా ఆమె ముఖంలోనూ నవ్వు పోయింది.

“మీకేం తెలుసు?” అంది.

అతను చెప్పేశాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు రోజులు. మాస్టారికీ మాటిచ్చాను, మీకూ ఇచ్చాను. రెండూ నిలబెట్టుకోవడం చేతకాలేదు.”

ఆమె లేచింది. గొంతు పెంచలేదు. “మీకిది నవ్వులాటలా ఉందేమో. మా అమ్మ నిద్రలోనే పోయింది. అప్పుడు నేను పదో తరగతి. పక్కగదిలోనే ఉన్నాను. ఆ రాత్రి నేనెంత బాగా నిద్రపోయానో మీకు తెలీదు.”

వెళ్ళిపోయింది. అతను బల్ల పక్కన అలాగే నిలబడిపోయాడు. ఆ రోజు ఎందుకనో తల్లి అతన్ని ఏమీ అనలేదు.

ఆమె ఇంటికి వెళ్ళేసరికి మాస్టారు వరండాలో బూట్లకి తెల్లరంగు వేసుకుంటున్నారు. ఆమె ఎదురుగా కూర్చుని, ఒకసారి గురక పెట్టమని అడిగింది. ఆయన కూతురి ముఖం చూశారు. బ్రష్షు కింద పెట్టి, పట్టపగలు, కళ్ళు తెరిచే, ఒక్కసారి గురక పెట్టారు. మధ్యలో ఆగిపోయారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకి ఏడుపులోకి తిరిగింది.

“నువ్వు వచ్చే టైముకి పది నిమిషాల ముందే నాకు మెలకువ వచ్చేస్తుందమ్మలూ,” అన్నారాయన. “నువ్వు వెళ్ళాక మళ్ళీ పట్టదు.”

తన కాపలా ఆయన గుండెకి చేస్తున్న మేలేమిటో ఆమెకి అప్పుడర్థమైంది. అమ్మ సంగతి ఎత్తింది. పదమూడేళ్ళలో వాళ్ళిద్దరూ ఆ రాత్రి గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు.

“పక్కన పడుకున్నవాణ్ణి నేను. నాకే తెలీలేదు,” అన్నారు మాస్టారు. “మేలుకుని ఉన్నా ఏమీ చేయగలిగేవాళ్ళు కాదని డాక్టరు నాతో చెప్పాడు. ఆ ముక్క పట్టుకునే నేను బతికాను. నీకు చెప్పాలని మాత్రం తోచలేదు. చిన్నపిల్లవి, హాయిగా నిద్రపోతున్నావు అనుకున్నాను.”

చీకటి పడేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. చివరికి మాస్టారు లోపలికి వెళ్ళి తన పాత డ్రిల్ ఈల తెచ్చారు. ఒంట్లో ఏ మాత్రం తేడాగా ఉన్నా ఈల వేస్తానని, ఈల వినబడలేదంటే బాగున్నట్టేనని ఒప్పందం. ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళడం రెండో ఒప్పందం.

మొదటి రాత్రి ఆమె తెల్లవార్లూ ఈల కోసం వింటూనే ఉంది. రెండో రాత్రి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. గుండె డాక్టరు పరీక్షలన్నీ చూసి, మాస్టారికి ఏ ఢోకా లేదన్నాడు. నిద్ర సంగతి చూసే డాక్టరు ఆమె చేత రోజూ ఏ వేళకి పడుకుందో, ఏ వేళకి లేచిందో రాయించాడు. ఒక రాత్రి మూడు గంటలు, ఇంకో రాత్రి రెండు, తర్వాత నాలుగు. తిన్నగా పెరిగింది లేదు. ఓనరు ఇంకో రెండు వారాలు సెలవిచ్చాడు.

పరుపులబ్బాయి కొట్టుకి ఆమె పన్నెండు రోజులు రాలేదు. పదమూడో రోజు మూడు గంటలకి వచ్చింది. తల్లి ఆమెని చూసి, దారం కొనుక్కురావాలని చెప్పి బయటికి వెళ్ళింది. మిషన్ పక్కన దారం ఉండలు బుట్ట నిండా ఉన్నాయి.

“ఆ దూది పరుపు ఎవరికీ అమ్మలేదు కదా?” అంది ఆమె.

“దాని మీద ఎవరో కూర్చున్నారని ఎవరూ కొనడం లేదండీ.”

నవ్వు ఆపుకోవడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. తర్వాత చెప్పింది, రాత్రి ఐదు గంటలు నిద్రపోయానని. ఆ రోజు కోపం అతని మీద కాదని కూడా చెప్పింది.

“పొద్దున లేవగానే ఈ సంగతి ముందు ఎవరికి చెప్పాలా అనుకున్నాను. మీరే గుర్తొచ్చారు.”

“మాస్టారికి చెప్పలేదా?”

“ఆయన తర్వాత గుర్తొచ్చారు. అదే నాకూ ఆశ్చర్యంగా ఉంది.”

ఇలాంటప్పుడు మీ వల్ల నాకూ నిద్ర కరువైందని చెప్పాలని అతనికి తెలుసు. కానీ ఆమెతో ఇంకో అబద్ధం ఆడదలచుకోలేదు.

“నేను తలగడ తగిలితే నిద్రపోయే మనిషినండీ. మీరు కోపంగా వెళ్ళిన రాత్రి కూడా పడుకున్నాను. కానీ పొద్దున లేచాక కొట్టు తెరవబుద్ధి కాలేదు. మర్నాడూ అంతే. ఇకముందు కూడా మీరు రాకపోతే రోజూ అలాగే ఉంటుంది నాకు.”

“ఇంట్లో ఒక్కరైనా అలా నిద్రపోయేవాళ్ళు ఉండాలి,” అంది ఆమె.

ఆమె మళ్ళీ కౌంటర్ వెనక నిలబడిన మొదటి వారం గడిచాక, ఆదివారం పొద్దున పది గంటలకి అతను తల్లిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. మాస్టారు గేటు దగ్గరే పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడి ఉన్నారు.

“ఇంకా లేవలేదు. లేపడానికి నాకు చేతులు రాలేదమ్మా, మరోలా అనుకోకండి,” అన్నారు గుసగుసగా. రోజూ ఆరింటికే లేస్తుందని, వరసగా తొమ్మిది గంటలు పడుకోవడం ఏడాదిలో ఇదే మొదటిసారని చెప్పారు.

అతని తల్లి చెప్పులు బయటే విప్పి, చేతిగాజులు చప్పుడు కాకుండా పైకి జరుపుకుని లోపలికి వచ్చింది. ముగ్గురూ ముందుగదిలో కూర్చుని పెళ్ళి మాటలన్నీ గుసగుసలతోనే మాట్లాడుకున్నారు. పెళ్ళయ్యాక మాస్టారు ఒక్కరే ఎలా ఉంటారని అతని తల్లి గుసగుసగా అడిగింది. తనకి తోడు అక్కర్లేదని ఆయన గుసగుసగానే గట్టిగా చెప్పారు. కొట్టు పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయని, మిషన్ చప్పుడుకి ఓర్చుకుంటే చాలని ఆవిడ అంది. ఆలోచిస్తానన్నారాయన.

పన్నెండు కావస్తుండగా తలుపు తెరుచుకుంది. జుట్టు చెదిరి, బుగ్గ మీద తలగడ ముడతలతో ఆమె గుమ్మంలో నిలబడింది. ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. తను ఎక్కడుందో అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“నాన్నా, రాత్రి నేను మీ గదికి రాలేదు కదా,” అంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు.

“ఏమోనమ్మలూ,” అన్నారు. “నేనూ పడుకున్నాను.”

ఆమె వచ్చి తండ్రి కుర్చీ చేతి మీద కూర్చుంది. ఆయన భుజానికి తల ఆనించి, ఎదురుగా ఉన్న అతన్ని చూసి, అలాగే నవ్వింది. ఏమంటావమ్మా అని ఎవరూ ఆమెని అడగలేదు.