మూడో పేరు

పదకొండో మనిషి నలభై సెకన్లలో తేల్చేశాడు. కుర్చీలో సరిగ్గా కూర్చోలేదు, బల్ల మీది పలకలో మూడు పేర్లూ ఇంకా పూర్తిగా రానేలేదు, మొదటి పేరు మీద వేలు పెట్టేశాడు.

"ఎంపిక మీదేనా?" అని అడిగింది వకుళ.

"నాదేనండి."

"సాక్ష్యం ఇస్తున్నాను."

ఎదురుగోడలో ఉన్న నిఘాయంత్రం గమని అతని ముఖాన్ని ఒకసారి, వకుళ ముఖాన్ని ఒకసారి చూసుకుంది. 'ప్రభావం లేదు' అని పలక మీద అక్షరాలు వెలిగాయి. అతను లేచి వెళ్ళిపోయాడు. బజార్లో వంకాయను నాలుగుసార్లు తిప్పి చూసుకునే మనిషే, తన ముఖం మీద కత్తి పెట్టే డాక్టరును ఇంత తేలిగ్గా ఎంచుకుంటాడు. వకుళకు ఇది తొమ్మిదో ఏడు. ఈ వింతకు ఆశ్చర్యపోవడం ఎప్పుడో మానేసింది.

కాకినాడలో తాళంచెవులూ సంతకాలూ పోయి రెండు తరాలైంది. తలుపైనా, రేవులో పడవైనా, సరుకుల కొట్టయినా మనిషి ముఖం చూసి తెరుచుకుంటుంది. వయసు వల్లో దెబ్బ వల్లో ముఖం మారితే, నిన్నటిదాకా తెరుచుకున్న తలుపే కొత్తవాళ్ళను చూసినట్టు చూస్తుంది. అప్పుడు ఎంపికశాలకు వచ్చి, సవరణ చేసే డాక్టరును ఎంచుకోవాలి. డాక్టరును యంత్రం ఎంచకూడదని చట్టం. మనిషే ఎంచుకోవాలి, ఇంకో మనిషి పక్కనుండి సాక్ష్యం చెప్పాలి. యంత్రం చేసేదల్లా మూడు పేర్లు వరుసలో పెట్టడం. పెళ్ళిపంతిలో లడ్డూ విస్తరి మధ్యలో వేసి, ఉప్పు మూలకు వడ్డించి, ఏది తింటారో మీ ఇష్టం అన్నట్టుంటుంది ఆ వరుస.

వరుస తృప్తి శాతాన్ని బట్టి వస్తుంది. ఆ శాతాన్ని నోటితో అడిగి రాసుకోరు. ఒకప్పుడు అడిగేవారట. "ఎలా ఉందండీ?" అంటే "బాగానే ఉందండీ" అనేవారు అందరూ. ముక్కు వంకరపోయినవాళ్ళు కూడా డాక్టరుగారు ఏమనుకుంటారోనని బాగానే ఉందనేవారు. నోటికి మొహమాటం ఉంది, మొహానికి లేదు అని పైవాళ్ళు తీర్మానించి తృప్తిదర్పణం పెట్టారు. సవరణ జరిగిన తొంభయ్యో రోజున మనిషి దాని ముందు నిలబడితే, అది కనుబొమ్మలనూ పెదవి కొసలనూ చదివి అంకె వేస్తుంది. ఇంత తెలివైన పని చేసినవాళ్ళకు ఒక్క సంగతి తట్టలేదు. ముఖం కదలకుండా చేసేసిన డాక్టరుకు దర్పణం ఎన్ని మార్కులు వేస్తుందో ఎవరూ ఆలోచించలేదు.

వకుళకు ఆ సంగతి తెలుసు. మూడేళ్ళ క్రితం ఆమె ఎడమ రెప్ప కాస్త వాలి, ఆఫీసు తలుపు సతాయిస్తుంటే, తనూ అందరిలాగే మొదటి పేరు మీదే వేలు పెట్టింది. డాక్టర్ తారకేశ్వర్. తొంభైతొమ్మిది పాయింట్ నాలుగు. కట్లు విప్పాక రెప్ప చక్కగా నిలబడింది. కనుబొమ్మలు మాత్రం మళ్ళీ కదల్లేదు. పెదవి కొసలు కొంచెం పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. తొంభయ్యో రోజు ఉదయం అద్దం ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, అదే ముఖంతో దర్పణం ముందుకు వెళ్ళింది. 'తృప్తి సంపూర్ణం' అంది దర్పణం. కాదని నోటితో చెప్పింది. నోటితో చెప్పినదాన్ని రాసుకోవడానికి అక్కడ గడి లేదు.

ఆ ఏడే వాళ్ళ అమ్మ పోయింది. శవం పక్కన వకుళ చిరునవ్వుతో కూర్చుంది. పిన్ని ఒకామె వచ్చి, "కాస్త ఆ నవ్వు ఆపవే, నలుగురూ చూస్తున్నారు," అని చెవిలో అంది. ఆపడం తన చేతిలో లేదని వకుళ ఎంతమందికని చెబుతుంది? ఆ రోజు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది, దుఃఖం వస్తుంది, ఆ రెండూ లోపలే ఉండిపోతాయి.

మరి వచ్చినవాళ్ళకు చెప్పొచ్చు కదా అంటే, ఒకసారి చెప్పింది. ఒక ముసలాయనతో, "మొదటాయన వద్దండీ," అంది అంతే. సాక్షి నోట సలహా వస్తే ఎంపిక చెల్లదు. అర్జీ మళ్ళీ మొదటికి పోతుంది. ముఖం మారిన ముప్పై రోజుల్లో ఎంపిక జరగాలి, ఆయనకు ఆ గడువు దాటిపోయి ముఖం రద్దయింది, ఇక ఏ తలుపూ తెరుచుకోలేదు. తర్వాత ఒక నెలపాటు ఆయన ఎంపికశాల బయట, తలుపులు తెరుచుకున్నప్పుడల్లా ఆశగా లేచి నిలబడుతూ కనిపించేవాడు. తర్వాత కనిపించలేదు. అప్పటినుంచి వకుళ నోరు మెదపలేదు. మంచి సాక్షి అని పైవాళ్ళు రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా. ఆ ముఖంలో ప్రభావమన్నది మచ్చుకైనా ఉండదని రాశారు.

పన్నెండో పేరు పిలిస్తే ఇద్దరు వచ్చారు. అర్జీ పెట్టినామె పేరు నూకరత్నం, రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. ఆవిరి గొట్టం పగిలి కుడిచెంప, కణత ఎర్రగా ముడుచుకుపోయాయి. వెంట వచ్చినది భర్త అప్పలకొండ. అతను గుమ్మంలోనే నిలబడిపోతే ఆమె చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"మా ఆయనండి. వినపడదు, మాటాడ్డు. ఉండొచ్చాండి?"

"ఉండొచ్చు. మీ గడువు ఇవాళే ఆఖరు కదూ?"

"ఇవాళేనండి. ఎప్పుడో వచ్చేదాన్ని. ఈ తలుపు కూడా నన్ను పోల్చుకోలేదు కదండి, లోపలికి రావడానికే అర్జీ పెట్టుకోవాల్సొచ్చింది. షెడ్డులోకి రానివ్వట్లేదు. సరుకుల కొట్లోకి రానివ్వట్లేదు. ఈయన ముఖం ఒక్కటే పనిచేస్తంది మా ఇంటికి."

పలక వెలిగింది. డాక్టర్ తారకేశ్వర్, తొంభైతొమ్మిది పాయింట్ నాలుగు. డాక్టర్ నళినీకాంత్, తొంభైఏడు. డాక్టర్ జహనారా, నలభైఒకటి. మూడు పేర్లుంటేనే ఎంపిక అంటారు కాబట్టి మూడో పేరు పెట్టక తప్పదు.

నూకరత్నం చేతులతో ఆ పేర్లు భర్తకు చెప్పింది. అతను ఏదో అడిగాడు, ఆమె చెప్పింది, మళ్ళీ ఆమె అడిగింది. అడిగిన ప్రతిసారీ ఆమె కనుబొమ్మలు నుదుటి మీదికి ఎగిరాయి. కాలిన వైపుది కూడా, కాస్త ఆలస్యంగా, దాని తోడుదాని వెనకాలే ఎగిరింది. వకుళ ఆ బొమ్మలనే చూస్తూ ఉండిపోయింది.

ఆ చూపు చూసి నూకరత్నం నవ్వింది. "అదాండి. ఈయన్ని అడిగేటప్పుడు బొమ్మలెత్తాలండి. ఎత్తాపోతే అడిగినట్టు కాదు, చెప్పినట్టు అయిపోద్ది. పెళ్ళయిన కొత్తలో నాకు తెలీక 'అన్నం తిన్నావా' అని ఉత్త చేతుల్తో అడిగేదాన్ని. ఈయనేమో నేను 'అన్నం తిన్నావు' అంటన్నాననుకుని, కావాల్నే పెట్టట్లేదనుకుని పస్తు పడుకునేవోడు. నాలుగు రోజులయ్యాక తెలిసిందండి నాకు!"

వకుళకు సంగతి అర్థమైంది. ఈమె మొదటి పేరు మీద వేలు పెడితే తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని మాత్రం ఇక ఏమీ అడగలేదు. కోపమొచ్చిందనీ చెప్పలేదు, పోయిందనీ చెప్పలేదు. నోరు తెరిచి చెబుదామా అంటే ఎంపిక రద్దు, ఇవాళ్టితో ముఖమూ రద్దు. చెప్పకపోతే ఇంకో అరనిమిషంలో ఆ వేలు మొదటి పేరు మీద పడుతుంది. ఎటు చూసినా గోడే.

గమని చూసేది ముఖాలను, వినేది మాటలను. చేతుల సంగతి దానికి పట్టదు. చూడమని దానికి ఎవరూ చెప్పలేదు.

వకుళ బల్ల మీద చెయ్యి కొంచెం జరిపింది. అప్పలకొండ వైపు చూస్తూ మొదటి పేరు చూపించింది. తర్వాత తన ముఖం చూపించింది. ఆ తర్వాత అరచెయ్యి అడ్డంగా ఊపింది, వద్దు అన్నట్టు.

అప్పలకొండ ఆమె చేతులు చూశాడు, ముఖం చూశాడు. తొంభైతొమ్మిది పాయింట్ నాలుగు ముఖం చిరునవ్వుతో అతన్నే చూస్తోంది. అతని భాషలో చెయ్యి మాట మాత్రమే. ఆ మాటను ఏ అర్థంలో తీసుకోవాలో ముఖం చెబుతుంది. ఈవిడ హాయిగా నవ్వుతూ చెయ్యి ఊపుతోంది, నొప్పేం లేదన్నట్టు. అతని ముఖం వెలిగింది. భార్య భుజం తట్టి గబగబా సైగలు చేశాడు.

"అయ్యో, మీకూ ఆయనేనాండి చేసింది?" అంది నూకరత్నం సంబరంగా. "నెప్పి కూడా ఏం లేదంట కదా! బాగా చేశాడంటన్నాడు ఈయన. మీ ముఖం చూస్తే తెలుస్తానే ఉందండి."

వకుళ ఆపబోయి తనే ముందుకు తోసింది. మూడేళ్ళుగా ఆ ముఖం తనకు ఎన్నిసార్లు అన్యాయం చేసిందో లెక్కలేదు గానీ, ఎదుటి మనిషిని తన చేత్తోనే ముంచేలా చేయడం ఇదే మొదలు. ఒంట్లోని సత్తువంతా కూడదీసుకుని ముఖం చిట్లించాలని చూసింది. ఏమీ కాలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి, ఆ నవ్వు మీదుగా.

నూకరత్నం వేలు చాపింది.

వకుళ రెండు చేతులూ ఎత్తి, చూపుడువేళ్ళతో తన కనుబొమ్మలు రెండింటినీ పట్టుకుని నుదుటి మీదికి నెట్టింది. అలా ఒక క్షణం ఉంచింది. తర్వాత వేళ్ళు తీసేసింది. బొమ్మలు మెల్లగా, ఏమీ ఎరగనట్టు, వాటి చోటికి అవి జారి కూర్చున్నాయి. మళ్ళీ నెట్టింది. మళ్ళీ జారాయి.

అప్పలకొండ భార్య మణికట్టు పట్టుకున్నాడు.

అతను కుర్చీలోంచి ముందుకు వంగి వకుళ ముఖాన్ని, ఈసారి నవ్వును వదిలేసి, మిగతాదంతా చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి రెండే రెండు సైగలు చేశాడు. అప్పుడు అతని ముఖంలో నూకరత్నానికి ఏం కనిపించిందో గానీ, ఆమె మొహం తెల్లబోయింది. పలక మీది మూడు అంకెలనూ మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. వంకాయలు ఏరుకుంటున్నంత శ్రద్ధగా చదువుకుంది.

"నలభైఒకటండి ఈ మూడో ఆవిడకి," అంది నెమ్మదిగా. "అంటే ఈవిడ దగ్గర చేయించుకున్నోళ్ళు తర్వాత మొహం ముడుచుకున్నారన్నమాట." వకుళ బొమ్మల వైపు చూసింది. "ముడుచుకోగలిగారన్నమాట."

మూడో పేరు మీద వేలు పెట్టింది.

గోడలో గమని చిన్నగా చప్పుడు చేసింది. తొమ్మిదేళ్ళలో వకుళ ఆ చప్పుడు వినలేదు. పలక మీద అక్షరాలు వచ్చాయి. 'అల్పతృప్తి ఎంపిక. సాక్షి ముఖంలో కారణం తెలియని చలనం. సాక్షి జవాబు చెప్పాలి: ప్రభావం చూపారా?'

అవునంటే నూకరత్నం పని అయిపోయినట్టే. ఈ గుమ్మం దాటితే ఇక ఏ గుమ్మమూ ఆమెను రానివ్వదు. సాక్షి అబద్ధం చెప్పకూడదు. చెప్పినా చెల్లదు. నోరు ఒకటి చెబితే ముఖం ఇంకొకటి చెబుతుందని, అది తాను పట్టుకుంటానని గమని ధీమా. ఆ ధీమా మీదే ఎంపికశాల నడుస్తోంది.

వకుళ గమని వైపు తిరిగింది. చెంపల మీద తడి ఆరలేదు.

"లేదు," అంది.

గమని ఆమెను చాలాసేపు చూసింది. కనుబొమ్మలు చూసింది, నుదురు చూసింది, పెదవి కొసలు చూసింది. కన్నీళ్ళను ఏ పద్దులో వేసుకోవాలో దానికి నేర్పినవాళ్ళు లేరు.

'ముఖం ప్రశాంతం. నిజాయితీ సంపూర్ణం. ఎంపిక నమోదైంది.'

నూకరత్నం లేచి రెండు చేతులూ జోడించింది. ఏదో అనబోయి, గమని వింటుందని గుర్తొచ్చి మానేసింది. అప్పలకొండ మాత్రం గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, తన కళ్ళ కింద వేలితో రెండు గీతలు గీసి వకుళను చూపించాడు. అతని కనుబొమ్మలు కదల్లేదు. 'నువ్వు ఏడుస్తున్నావు' అన్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఆమెతో ఆ మాట ఎవరూ అనలేదు.

తలుపు మూసుకుంది. వకుళ ముఖం తుడుచుకుంది. జహనారా ఎలాంటి డాక్టరో తనకు తెలియదు. కత్తి పట్టడం సరిగ్గా వచ్చో రాదో తెలియదు. ఆ మచ్చ పోతుందో, ఇంకా ముదురుతుందో తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. తాను చెప్పిన అబద్ధాన్ని ఈ లోకంలో ఏ యంత్రమూ పట్టుకోలేదన్నది మాత్రం తెలిసింది. ఆ తెలియడంతో ఆమెకు భయం వేసింది.

పదమూడో పేరు పిలిచింది. పాతికేళ్ళ అమ్మాయి వచ్చింది. కూర్చుంటూనే, "మొదటి పేరే కదండీ అందరూ తీసుకునేది?" అంటూ వేలు చాపింది.

వకుళ రెండు చేతులూ నుదుటి దగ్గరికి తీసుకెళ్ళింది.