వెంకటప్పయ్య బొమ్మకు కొత్త రంగు

బందరు నుంచి వచ్చే మొదటి బస్సు దిగి ఇంటికొచ్చిన ధనశ్రీ, హాల్లో గోడ మీది బొమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. తమ వంశంలోని చిత్రకారుడు వెంకటప్పయ్య నూట యాభై ఏళ్లకు పైగా కిందట వేసిన బొమ్మ అది. ఆయన పనిలో మిగిలింది అదొక్కటే. మొన్నటిదాకా మసకగా ఉన్న ఆ పిల్ల మొహం ఇప్పుడు నిగనిగలాడుతోంది. పెదవులకు ఎర్రరంగు, మెడలో పచ్చటి హారం.

"నాన్నా! దీన్నెవరు ముట్టుకున్నారు?"

పటమటలో బట్టలకొట్టు నడిపే మల్లేశ్వరరావు నవ్వుతూ వచ్చాడు. "నేనే వేయించానమ్మా, మన కొట్టుకి బోర్డులు రాసే ఆర్టిస్టు చేత. రేపు మ్యూజియం వాళ్లొస్తున్నారుగా, ఆ మసి మొహం ఏం చూపిస్తాం?"

"నుదుటి మీద మచ్చేదీ?"

"రంగు పెచ్చూడిందనుకుని ముందు దాన్నే కప్పెయ్యమన్నా."

ధనశ్రీ బ్యాగు నేలకేసి కొట్టింది. "ఈయన చరిత్ర తవ్వి, మ్యూజియం వాళ్లను ఒప్పించడానికి మూడేళ్లు తిరిగాను! చదువు లేకపోతే పోనీ, ఒక్క మాట అడగొచ్చుగా!"

"నోరు మూసుకోవే!" వంటింట్లోంచి నాయనమ్మ చౌడేశ్వరమ్మ అరిచింది. "వాడెవరనుకుంటున్నావు?"

మల్లేశ్వరరావు మొహం కందగడ్డయింది. "ఉండమ్మా, నన్ను మాట్లాడనీ. అవునే, నాకు చదువు లేదు. వెంకటప్పయ్య తాత గురించి ఇంగ్లీషులో రాసి ఎక్కడెక్కడికో పంపావు. నేనడిగితే 'నీకర్థం కాదులే' అన్నావు. ఆయన నీకొక్కదానికే తాతా?"

ధనశ్రీ కింద పడిన బ్యాగు తీసి గోడకు ఆనించింది. తను ఆ మాట అన్నది నిజమే. తండ్రి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

"పామర్రు దగ్గర మగ్గం నేసే ఇంట్లో పుట్టాడు నాన్నా. బందరులో ఓ దొర దగ్గర బొమ్మలు నేర్చుకుని జమీందార్లకు వేసేవాడు. ఉప్పెనొచ్చి వేలమంది పోయాక ఆ పని మానేశాడు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ముక్కు ఇలా, కళ్లు ఇలా అని చెబుతుంటే, విని ఆ మొహాలు గీసిచ్చేవాడు. చచ్చినోళ్ల బొమ్మలేసేవాడని కులంవాళ్లు ఇంటికి రానివ్వలేదు. అందుకే మనవాళ్లు కూడా ఆయన పేరెత్తలేదు."

"మరి ఈ పిల్లెవరు?"

"ఆయన కూతురు. ఉప్పెనలో కొట్టుకుపోయింది, ఒళ్లు కూడా దొరకలేదు. చిన్నప్పుడు మగ్గం మీద పడి నుదురు చిట్లి ఆ మచ్చ పడిందని ఆయనే ఓ ఉత్తరంలో రాసుకున్నాడు."

మల్లేశ్వరరావు కుర్చీలో కూలబడ్డాడు. "నా చేతుల్తో నేనే చెరిపించానే" అని తల పట్టుకుని ఏడ్చాడు. ధనశ్రీ ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"నీకు ముందే చెప్పాల్సింది నాన్నా. తప్పు నాది."

కాసేపటికి ఆయన కళ్లు తుడుచుకుని మ్యూజియానికి తనే ఫోన్ చేశాడు. "తప్పు నాదండీ, మా అమ్మాయికి తెలీదు. పైరంగు తీసే దారుందాండీ?"

అట్నుంచి జవాబు విన్నాక ఊపిరి పీల్చుకున్నాడు. "పాత రంగు చెడకుండా మెల్లగా తీయొచ్చేమో, చూసి చెబుతారట. నెలలు పడుతుందట."

తర్వాత తల్లిని కేకేశాడు. "అమ్మా, నువ్వూ వచ్చి కూర్చో. కొట్టు ఇవాళ తియ్యను. చెప్పమ్మా ధనా, ఆయన సంగతి మొదట్నుంచీ చెప్పు."