ఎడమ చెవి కేసు

"హలో... మిమ్మల్నేనండీ!"

పియానో ముందు వంగి కూర్చున్న అమ్మాయి తల తిప్పలేదు.

"ఇంకెంతసేపు పడుతుంది? నాలుగున్నరకి నా కోయిర్ పాటగాళ్ళొచ్చేస్తారు."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. తీగ బిగించే రెంచి కాస్త తిప్పింది, మెట్టు నొక్కింది, మళ్ళీ తిప్పింది.

ఎమ్మెట్ డ్యుఫ్రేన్ ఆ చర్చిలో పాటల మాస్టారుగా చేరి నాలుగు రోజులే అయింది. వానలో తడిసి ముద్దయి వచ్చాడు. అసలే చిరాగ్గా ఉంది. పియానో చుట్టూ తిరిగి అటువైపుకి వెళ్ళి, "ఈ డులూత్ ఊళ్ళో అందరూ మహా మర్యాదస్తులని చెప్పారే! పియానోలు బాగుచేసేవాళ్ళకి మినహాయింపు కాబోలు," అన్నాడు.

అమ్మాయి చటుక్కున తలెత్తింది. "వినపడింది."

"మరి మొదటి రెండూ?"

ఆమె మొహం ఒక్క క్షణం పాలిపోయింది. వెంటనే సర్దుకుంది. "శ్రుతి చేస్తున్నప్పుడు నేను మాట్లాడను. పక్కకొచ్చి గోల చేసేవాళ్ళని మీ ఊళ్ళో ఏమంటారో?"

"మాస్టారూ అంటారు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. పేరు మారిట్ హాల్వర్సన్. బయట ఆగి ఉన్న ఆకుపచ్చ వ్యాను మీద 'హాల్వర్సన్ అండ్ డాటర్, పియానో ట్యూనర్లు' అని రాసుంది. ఆ డాటర్ ఈమే.

నిజానికి ఆ మొదటి రెండు మాటలూ ఆమెకి వినపడలేదు.

అంతకుముందు, మార్చిలో ఒకరోజు ఫోన్ ఎడమ చెవికి పెట్టుకుంటే అవతలి మనిషి నూతిలోంచి మాట్లాడుతున్నట్టు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. తలుపేసుకుని, లేక్‌హెడ్ మెర్సీ హాస్పిటల్ వెబ్‌సైట్ తెరిచి, 'ఒక చెవి వినపడకపోవడం' అని వెతికి, అపాయింట్‌మెంట్ బటన్ నొక్కింది. ఎడమ చెవి సగానికి పైగా పోయింది, తిరిగి రాదు అన్నాడు డాక్టరు. కుడిది నిక్షేపంగా ఉంది, మీ పనికి ఢోకా లేదు అని కూడా అన్నాడు.

పనికి లేదు సరే. ఒంటి చెవి ట్యూనర్‌ని పిలిచేదెవరు?

వారం తిరక్కుండా ప్రకటనలు మొదలయ్యాయి. వాతావరణం చూద్దామని ఫోన్ తీస్తే చెవి మిషను. రూబార్బ్ పై అనే తీపి వంటకం ఎలా చేస్తారో చూద్దామంటే చెవి మిషను. తెల్లజుట్టు తాతగారొకాయన పళ్ళన్నీ బయటపెట్టి, 'ఒక చెవి మొరాయిస్తోందా? దిగులు పడకండి!' అంటాడు. ఓ రోజు మిసెస్ టార్విగ్ అనే పాత కస్టమరుకి టాబ్లెట్‌లో పియానో ఫొటోలు చూపిస్తుంటే మధ్యలో ఆ తాతగారు ఊడిపడ్డాడు. ఆవిడ ఒకసారి తాతగారిని, ఒకసారి మారిట్‌ని చూసింది. ఏటా మే నెలలో పిలిచే ఆవిడ ఆ ఏడు పిలవలేదు.

తాతగారి వల్లేనా? ఇంకేదైనా కారణమా? తెలీదు. తెలీకపోవడమే మారిట్‌ని తొలిచేసింది. తాతగారు కనిపించినప్పుడల్లా ఒళ్ళుమండి స్క్రీన్ ఫొటో తీసేది. తేదీలతో సహా నలభై ఫొటోలు పోగయ్యాయి.

ఈ గొడవ మధ్యలో మంగళవారం వస్తే చాలు, ఎమ్మెట్ నుంచి ఫోను.

"మీరు శ్రుతి చేసిన పియానోలో పై ఎఫ్ స్వరం పులిసిపోయిందండీ."

వెళ్ళి నొక్కి చూస్తే శుభ్రంగా పలికేది. "దీనికేమీ కాలేదు."

"అయితే నా చెవులే పులిసుంటాయి. ఎలాగూ వచ్చారు, కాఫీ తాగి వెళ్ళండి."

చెవులు అన్నప్పుడల్లా ఉలిక్కిపడుతూనే కాఫీ తాగేది. తాగేటప్పుడు బల్లకి ఎడమ చివర కూర్చునేది, అతను కుడివైపే ఉండేలా. జూన్ వచ్చేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఎమ్మెట్ పగలు హైస్కూల్లో సంగీతం చెప్తాడు. అక్కడి పదకొండు పియానోలకీ ఏడాదంతా చూసుకునే ట్యూనర్ కావాలంటే మారిట్ పేరే చెప్పాడు.

ఆ పియానోలు చూసొచ్చిన రోజు ఆమె వ్యాను మెకానిక్ దగ్గరుంది. ఎమ్మెట్ తన కార్లో దింపుతానన్నాడు. కుండపోత వాన. అద్దాల మీద వైపర్ల చప్పుడు. పక్కసీట్లో మారిట్, ఎడమపక్కన స్టీరింగ్ పట్టుకుని ఎమ్మెట్. ఓడలొస్తే పైకి లేచే లిఫ్ట్ బ్రిడ్జి దగ్గర ఓడ వెళ్ళేదాకా కారు ఆపాల్సొచ్చింది. ఎమ్మెట్ ఎదురుగా చూస్తూ ఏదో అన్నాడు. ఓడ భోంకారంలో, వానలో, ఒక్క ముక్క అందలేదు. మళ్ళీ అడిగితే అనుమానం వస్తుందని భయం. వినపడనప్పుడు ఆమె దగ్గర ఒక సిద్ధమాట ఉండేది.

"చూద్దాంలే," అంది నవ్వుతూ.

ఆ తర్వాత ఇల్లొచ్చేదాకా ఎమ్మెట్ నోరు విప్పలేదు. తర్వాతి మంగళవారం ఫోను రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు.

కనిపెట్టేశాడు, అనుకుంది మారిట్.

ఆ వారమే లాయరు దగ్గర్నుంచి ఉత్తరం. లేక్‌హెడ్ మెర్సీ వెబ్‌సైట్ వాడినవాళ్ళు ఫోన్ చేయండి అని. చేసి, తన ఫొటోల సంగతి చెప్పింది. బెర్నిస్ ప్రిడీ అనే లాయరమ్మ గొంతు చర్చి గంటలా ఉంది.

"ఆ పేజీల్లో కంటికి కనపడని కోడ్ ముక్క పెట్టారమ్మా. మీరు ఏ జబ్బు గురించి వెతికారో, ఏ బటన్ నొక్కారో, అంతా ప్రకటనల కంపెనీకి మోసేస్తుంది. మీ ఒక్కరిదే కాదు, లక్షలమంది పేషెంట్లది. అందరి తరఫునా ఒకే దావా వేస్తున్నాం. ముందు నిలబడే మనిషి కావాలి. తేదీలతో ఫొటోలున్నది మీ ఒక్కరి దగ్గరే."

"నా పేరు బయటికొస్తుందా?"

"మారుపేరుతో వేయనివ్వమని జడ్జిని అడుగుతాను. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. మీ చెవి సంగతి మాత్రం ప్రమాణం చేసి చెప్పాల్సిందే."

"నేను రాకపోతే?"

"ఇంకొకరిని వెతుక్కుంటాను. కేసు గెలిస్తే అందరితో పాటు మీకూ నష్టపరిహారం ఫారం వస్తుంది, నింపి పంపుకోవచ్చు. ఎవరికీ తెలీదు. శుక్రవారంలోపు ఏదో ఒకటి చెప్పండి."

మూడు రోజులు మారిట్‌కి అన్నం సయించలేదు. రహస్యం బయటపెట్టారని కేసు వేయాలంటే ఆ రహస్యమే ఊరందరికీ చెప్పాలి! ఊరుకుంటే తాతగారు నవ్వుతూనే ఉంటాడు. ఫోన్ తీసి 'రాను' అని టైపు చేసేది, చెరిపేసేది. 'వస్తాను' అని చేసేది, అదీ చెరిపేసేది.

బుధవారం చర్చి పియానోకి మామూలు తనిఖీ. తప్పదు కనక వెళ్ళింది. ఎమ్మెట్ ఉన్నాడు.

"బాగున్నారా?" అన్నాడు.

మళ్ళీ 'మీరు'. ఆమె మనసు చివుక్కుమంది.

అతను కోయిర్ ల్యాప్‌టాప్ తెరుస్తూ, మాట కలపాలని కాబోలు, బలవంతాన నవ్వాడు. "ఈ డబ్బాకి ఏం రోగమొచ్చిందో గానీ, నెల్లాళ్ళుగా చెవి మిషన్లు కొనమంటోంది. నా కోయిర్ టెనర్ గాయకుల్లో ఎవడికో చెవుడుందని నాకు ముందే డౌటు. ఇప్పుడు రుజువైంది!"

స్క్రీన్ మీద అదే తాతగారు.

అంతకుముందొకసారి ఆ ల్యాప్‌టాప్‌లోనే తన మెయిల్ తెరిచి చూసుకుంది మారిట్. అక్కడికీ వచ్చేశాడన్నమాట! రెంచి పియానో మీదే వదిలేసి, పరుగులాంటి నడకతో బయటికెళ్ళి, వ్యానెక్కి తలుపేసుకుంది. తాళంచెవి పెట్టి తిప్పింది.

ఎమ్మెట్ వెనకాలే వచ్చాడు. డ్రైవరు కిటికీ దగ్గర వంగి గబగబా ఏదో అంటున్నాడు. వాన అతని కళ్ళజోడు మీంచి కారుతోంది. పెదాలు కదలడమే కనిపిస్తోంది. అద్దం దించింది. ఏవో రెండు మాటలు అందాయి, మూడోది జారిపోయింది.

ఇక ఆమెకి ఓపిక అయిపోయింది.

"ఇటు రా!" అని అరిచింది. "వచ్చి ఇటుపక్క కూర్చో. ఆ వైపు నాకు వినపడదు."

ఎమ్మెట్ కొయ్యబారిపోయాడు. తర్వాత వ్యాను చుట్టూ తిరిగి వచ్చి కుడిపక్క సీట్లో కూర్చున్నాడు.

మారిట్ అద్దంలోంచి ముందుకే చూస్తూ అంతా చెప్పేసింది. చెవి, వెబ్‌సైట్, తాతగారు, మిసెస్ టార్విగ్, లాయరమ్మ, శుక్రవారం.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చివరికి, "ఆ వైపు అస్సలు వినపడదా?" అన్నాడు.

"గోలలో అయితే అస్సలు."

"అయితే బ్రిడ్జి దగ్గర... నేనన్నది..."

"వినపడలేదు. ఏమన్నావు?"

"దేవుడా!" ఎమ్మెట్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "పదిహేను రోజులు! పదిహేను రోజులు నేను తిండి మానేశాను తెలుసా? నువ్వంటే నాకు ప్రాణమని చెప్తే, 'చూద్దాంలే' అంటావా అని!"

మారిట్ నోరు తెరిచింది. నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

"నేనలా అన్నానా?"

"నవ్వుతూ మరీ అన్నావు."

"అయ్యో ఎమ్మెట్... ఇంకోసారి చెప్పవూ?"

చెప్పాడు. ఈసారి ఏ ఓడా కూయలేదు. మారిట్ 'చూద్దాంలే' అనలేదు.

కాసేపటికి తేరుకుని, "మరి కేసు సంగతి ఏం చేయను?" అంది.

ఎమ్మెట్ తటపటాయించాడు. "నిజం చెప్పనా? నాకు భయంగా ఉంది. స్కూలు వాళ్ళు పియానోల పని ఎవరికివ్వాలో ఆగస్టులో నిర్ణయిస్తారు. అందాకా ఆగకూడదూ?"

"అంటే దాచమంటావు."

"దాచమని కాదు..."

"అదే మాట!"

సంతోషానికి నిండా గంట గడవలేదు, తగువొచ్చేసింది. అతన్ని దింపేసి, కోపంగా ఇంటికెళ్ళింది.

వాళ్ళ నాన్న ఆర్నె వర్క్‌షాపులో పాత పియానో సుత్తులకి కొత్త ఫెల్ట్ గుడ్డ అంటిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఇళ్ళకి తిరిగి పియానోలు శ్రుతి చేసిన మనిషి. మోకాళ్ళ నొప్పులని ఏడేళ్ళ క్రితం బయటికెళ్ళడం మానేశాడు.

"నాన్నా, నా ఎడమ చెవి పోయింది," అంది గుమ్మంలోంచే.

ఆర్నె బ్రష్షు కింద పెట్టాడు. జిగురు సీసాకి మూత బిగించాడు.

"నాకు రెండూ పోతున్నాయే తల్లీ," అన్నాడు మెల్లిగా.

"ఏమిటీ?"

"మోకాళ్ళకేం రోగం! రాయిలా ఉన్నాయి. ఎవరికైనా తెలుస్తుందేమోనని పని మానేశాను. తర్వాత చర్చి మానేశాను, పేకాట మానేశాను. అడిగినవాళ్ళందరికీ మోకాళ్ళని చెప్పాను. మీ అమ్మ పోయేటప్పుడు ఏం చెప్పిందో కూడా సగమే విన్నాను. రెండోసారి అడగలేకపోయాను."

మారిట్ వెళ్ళి అతని పక్కన కూలబడింది. లాయరమ్మ సంగతి చెప్పింది, గట్టిగా, అతనికి వినపడేలా.

"నువ్వేం చేయాలో నేను చెప్పను. కానీ నాలా మాత్రం కాకు," అన్నాడు ఆర్నె.

గురువారం పొద్దున్నే హైస్కూలు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గడ్డం గోక్కుని, ఒక ఏడాదికి పని ఇచ్చి చూస్తామన్నాడు. బయటికొస్తే వరండాలో ఎమ్మెట్ నిలబడి ఉన్నాడు.

"నిన్న నేను పిరికిమాట మాట్లాడాను. భయం నా గురించి కాదు, కానీ పిరికిమాటే. లాయరు దగ్గరికి నేనూ రానా?"

"రా. కానీ అక్కడ నువ్వు నోరెత్తకూడదు."

ఎమ్మెట్ అలాగేనని మాటిచ్చాడు. శుక్రవారం లాయరమ్మ దగ్గర మారిట్ సంతకం పెట్టింది.

ఆ వేసవంతా ఫోను మోగితే భయమే. అక్టోబరులో, ఇద్దరూ ఆమె వంటింట్లో అడవి బియ్యం సూపు తాగుతుండగా లాయరమ్మ ఫోన్ చేసింది. మారిట్ స్పీకరు పెట్టింది.

"మారుపేరుకి జడ్జి ఒప్పుకోలేదమ్మా. అసలు పేరే ఉండాలన్నాడు. రేపటి నుంచి ఎవరైనా చదవచ్చు. వెనక్కి తగ్గాలంటే ఇదే ఆఖరు అవకాశం. తగ్గినా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు."

ఎమ్మెట్ ఆమెనే చూస్తున్నాడు. మాట్లాడలేదు. మాటిచ్చాడు కదా!

మిసెస్ టార్విగ్ చదువుతుంది. ఊరంతా చదువుతుంది. మారిట్ ఫోను దగ్గరికి లాక్కుంది.

"మారిట్‌కి చివర ఒక్క 'టి' మాత్రమే ఉంటుంది ప్రిడీ గారూ. అందరూ రెండు రాస్తారు. సరిగ్గా రాయించండి."

అవతల ఆ చర్చి గంట గొంతు పెద్దగా నవ్వింది. "అలాగేనమ్మా!"

ఎమ్మెట్ ఇక ఆగలేకపోయాడు. "లాయరుగారూ, ఒక చిన్న సందేహం. కేసు నడుస్తుండగా మధ్యలో ఈవిడకి పెళ్ళయితే ఏమైనా ఇబ్బందా?"

మారిట్ చేతిలో స్పూను సూపులో పడింది.

"బాబూ," అంది లాయరమ్మ, "అది మీ ఇద్దరి సొంత విషయం. నేను వినకూడదు."

ఫోను పెట్టేసింది.

ఎమ్మెట్ చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

"అలా అడుగుతారా ఎవరైనా? లాయరునా అడిగేది?" అంది మారిట్.

"మరెవర్ని అడగాలి?"

"నన్ను!"

అడిగాడు.

"సరే," అంది మారిట్. "ముందు మా నాన్నకి చెప్దాం పద. గట్టిగా చెప్పాలి, రెండుసార్లు."