ఇంటి పెద్ద పేరు

జగిత్యాల దిక్కు మా ఊళ్ళో నేను పదకొండేళ్ళు పంచాయతీ కారోబార్‌గా చేశాను. ఇళ్ళకు నంబర్లు వేయడం, గడప ముందు నిలబడి "ఇంటి పెద్ద ఎవరు?" అని అడిగి పేరు రాసుకోవడం నా పని. ఒక్క ఇల్లు తప్పిపోతే సర్పంచ్ నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. ఆ భయం నాకు బాగా ఒంటబట్టింది.

ఖతర్ వచ్చినా అదే పని దొరికింది. ఉత్తరాన తోటలూ చేపలవాళ్ళ వాడలూ ఉన్న మారుమూల జోన్‌లో ప్రతి గేటుకూ నీలం ప్లేటు బిగించాలి. వీధి నంబరు, ఇంటి నంబరు ఉంటాయి దాని మీద. నేను ట్యాబ్‌లో ఎక్కిస్తాను, మా బామ్మర్ది తిరుమల్ డ్రిల్లుతో బిగిస్తాడు. వాణ్ణి పిలిపించింది నేనే. వాడు బయలుదేరిన రోజు నా భార్య గంగామణి ఫోన్లో ఒక్కటే మాట అంది. "నా తమ్మునికేమన్న అయితే నువ్వు మల్ల ఇంటికి రాకు." ఆవిడ ఉత్త మాటలు అనే మనిషి కాదు.

ఆ జనవరి పొద్దున ఏడు దాటినా పొగమంచు విడవలేదు. నాలుగడుగుల అవతల మనిషి కనబడడు. గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఇరవై రెండు గేట్లు అయ్యేసరికి ఒక ప్లేటు మిగిలింది. పాత మ్యాపులో ఉన్న ఇల్లు అది, సముద్రం ఒడ్డున, వీధి చివర. వెళ్ళి చూస్తే కప్పు లేదు. రాతి గోడలు, ఒక దర్వాజా, దాని పక్కన బయటి గోడలో పిడికిలి పట్టేంత గూడు మిగిలాయి. తడిసిన సున్నం వాసన. దాని కింద కుళ్ళిన చేప వాసన.

పికప్ డ్రైవర్ కామ్రాన్ రోడ్డు మీంచే అరిచాడు. "నర్సింలు భాయ్, ఉధర్ ఆద్మీ నై. ప్లేట్ వాపస్ కరో!"

మనుషులు లేని ఇంటికి ప్లేటు వేయకూడదన్నది ఆఫీసు రూలే. కానీ మిగిలిన నంబరు వాపసు ఇవ్వడం కారోబార్‌కి నామోషీ. బిగించమన్నాను. ట్యాబ్ ఇంటి పెద్ద పేరు అడిగింది. పేరు లేకపోతే ముందుకు కదలదు. అలవాటు కొద్దీ గడప ముందు నిలబడి గట్టిగా అడిగాను. "ఇంటి పెద్ద ఎవరు?"

తిరుమల్ పకపకా నవ్వాడు. "నేనే రాసుకో బావా. అద్దె లేదు, సముద్రం ఎదురుంగనే. ఇంతకన్న మంచి ఇల్లు నాకు దొరుకుతదా?"

నేనూ నవ్వాను. వాడి పేరు, ఇక్కడి గుర్తింపు కార్డు బతాకా నంబరు కొట్టి సేవ్ చేశాను.

డ్రిల్లు చప్పుడు ఆగింది.

"బావా..." వాడి గొంతు సన్నగా ఉంది. "నా చెయ్యి పట్టుకున్నరు."

స్క్రూలు పెట్టుకున్న గూట్లో వాడి కుడిచెయ్యి ఉంది, మణికట్టు దాకా. నేను చూస్తుండగానే మోచేయి దాకా పోయింది. లోపల చెరుకు గానుగలో పడినట్టు ఎముకలు విరుగుతున్నాయి. వాడు కేక పెట్టాడు. ఎవడు లాగుతున్నాడో చూద్దామని సుత్తి పట్టుకుని దర్వాజాలోంచి లోపలికి దూకాను.

లోపల ఎవరూ లేరు.

ఇవతలి వైపు గోడకు గూడే లేదు. చెయ్యీ లేదు. ఉత్త గోడ... దాని మీద తడి. ఆ గోడలోంచి ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. పిచ్చెత్తినట్టు గోడను సుత్తితో బాదాను. దెబ్బ పడ్డ చోటల్లా మెత్తగా దిగబడింది. దిగిన చోటల్లా నెత్తురు చిమ్మింది. అవతల తిరుమల్ ఇంకా గట్టిగా అరిచాడు.

బయటికి పరుగెత్తాను. భుజం దాకా పోయింది. చెంప రాయికి ఒత్తుకుని చీరుకుపోతోంది. ఇంకొంచెం లాగితే మెడ విరుగుతుంది. కామ్రాన్ వచ్చి వాడి నడుము పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. ఏడుస్తున్నాడు.

"కోసెయ్ బావా..." అన్నాడు తిరుమల్. "కోసెయ్... లోపటికి గుంజుకపోతున్నరు..."

ఇనుప పైపులు కోసే కట్టర్ తీశాను. ఆ తర్వాత చేసింది చెప్పడానికి నాకు నోరు రాదు. వేడి నెత్తురు నా కళ్ళలో పడింది. మిషన్ ఎముక దగ్గర రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ మళ్ళీ నొక్కాను.

వాడు బతికాడు. పోలీసులు ఆ గోడ మొత్తం పడగొట్టారు. చెయ్యి దొరకలేదు. మిషన్ ప్రమాదమని కంపెనీ రాసుకుంది. గంగామణికి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్నల్ లేని సైట్‌లో తిరుమల్ డ్యూటీ చేస్తున్నాడని రోజూ అబద్ధం చెప్పాను.

మూడు వారాలు ఆసుపత్రిలో వాడు నిద్రలో ఒకటే పలవరింత. లేని చెయ్యిని ఎవరో పట్టుకుని నడిపిస్తున్నారట. ఆ ఇంటి మీద వాడి పేరు తీసేస్తే పీడ విరగడ అవుతుందనుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాను. కౌంటర్ దగ్గరి గుమాస్తా స్క్రీన్ చూసి హిందీలో చెప్పాడు.

"ఇప్పుడు తీయడం కుదరదు. ఈ అడ్రసు మీద పోయిన వారమే ఫ్యామిలీ వీసా దిగింది. ఇంటి పెద్దే వేలిముద్ర వేశాడు. సరిపోయింది. కుడి బొటనవేలు."

"వీసా ఎవరికి?"

"అక్కకు."

బయటికి వచ్చి గంగామణికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. వెనక బండి పోతున్న చప్పుడు.

"తమ్ముడు నీకు చెప్పద్దన్నడు, ఒక్కసారే కనబడి పరేషాన్ చేద్దమన్నడు," అంది నవ్వుతూ. "ఇప్పుడే ఖతర్ల దిగిన. తమ్ముడే అచ్చి తీస్కపోతున్నడు. ముందల సీట్ల కూసున్నడు, ఇటు మర్రి సూస్తనే లేడు. ఎనకకు చెయ్యి సాపి నా చెయ్యి పట్టుకున్నడు. సల్లగున్నదయ్యా... గింత సల్లగున్నదేంది?"

"గంగా, దిగు! బండి ఆపమని దిగు!"

"ఎక్కడ దిగాలె? అంత పొగమంచే..." ఆవిడ గొంతు మారింది. "అయ్యో, నొస్తున్నది తమ్మీ. ఇడువు... తమ్మీ, ఇడువు!"

ఎముక విరిగిన చప్పుడు ఫోన్లో స్పష్టంగా వినిపించింది. తల ఎత్తి చూశాను. మధ్యాహ్నం పన్నెండు. ఆకాశంలో ఎక్కడా మంచు లేదు.