చిరిగిన కాగితం, గురువారం

మడిచిన కాగితపు విసనకర్రతో మణికట్టు విరగ్గొట్టవచ్చు. తెరిచి పట్టుకుంటే వెనకున్న కళ్ళు కనబడవు. కొరియాలో, జోంజు ఊళ్ళోని మా శిక్షణశాలలో ఏడేళ్ళుగా నేను నేర్చుకున్న విద్య అదే. యూన్‌సుల్ అనే అమ్మాయి చేరాక, ఆ కనబడని కళ్ళే నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు.

ఆమె డేగు నగరం నుంచి వచ్చింది. అక్కడ మాకు పడని బడి ఒకటుంది. గురువుగారు నన్ను పిలిచి, "మన పట్లు కాజేయడానికి వచ్చిందేమో కనిపెట్టు, డోహ్వాన్. నీ మాట మీదే ఆమెను ఉంచడమో పంపడమో," అన్నారు.

కనిపెట్టాను. ఆమె అడుగులోనే పనితనం తెలిసేది. అయినా ప్రతి గురువారం నాతో తలపడినప్పుడు విసనకర్ర తెరిచి నా దెబ్బకు అడ్డం పెట్టేది. కాగితం పర్రున చిరిగేది. మా దగ్గర చింపినవాళ్ళే కూర్చుని కొత్త కాగితం అతికించాలి. గంట పని. ఆ గంటసేపూ పక్కనే కూర్చుని నా చేతులు చూసేది.

నాలుగో గురువారం వాన ఉదయం నుంచీ విడవలేదు.

"ఎవరు పంపారు నిన్ను?" అన్నాను, పుల్లలకు జిగురు రాస్తూ.

"మా అమ్మ. ఇంట్లో ఉంటే ఫ్రిజ్ ఖాళీ చేస్తున్నానట."

"నవ్వులాట కాదు. మొన్న మన తోటి హ్యోక్‌తో ఆడినప్పుడు నీ కాగితానికి గీత కూడా పడలేదు. నా దగ్గరే ఎందుకు చిరుగుతుంది?"

ఆమె నవ్వు ఆగింది. వాన వైపు చూస్తూ అంది.

"హ్యోక్ పక్కన గంటసేపు కూర్చోవాలని నాకెందుకుంటుంది, సీనియర్ గారూ?"

కుంచె నా చేతిలోనే ఆగిపోయింది. ఇదీ ఎత్తే కావచ్చు, అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు తేలిక.

"అబద్ధమైతే?"

"పంపించెయ్యండి. ముందు అది సరిగ్గా అతికించండి, ముడతలు పడుతోంది."

సాయంత్రం గురువుగారు బార్లీ టీ తాగుతూ అడిగారు.

"ఏం తేలింది?"

"కావాలనే చింపించుకుంటోందండీ."

"ఎందుకట?"

నా చెవులు వేడెక్కాయి. "పట్ల కోసం మాత్రం కాదు."

ఆయన గిన్నె దించారు. "కాగితం దాకా వచ్చిన దెబ్బను ఆపడం నీకు మొదటి ఏడే నేర్పాను కదరా. నాలుగుసార్లూ ఎందుకు ఆపలేదు?"

ఇన్నాళ్ళూ నేను ఒక్క మనిషినే అనుమానించాను. రెండో మనిషి నా లోపలే కూర్చుని ఉన్నాడు.

"ఆమెను ఉండనివ్వండి," అన్నాను.

తలుపు అవతల బూట్లు వేసుకుంటున్న వాళ్ళెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఆ గొంతు యూన్‌సుల్‌దే.